ఒంటికెక్కిన రంది

మా చిన్నాయన ఖమ్మం జిల్లాలో మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేస్తాడు. పోయిన జనవరిలో ఆయన్ని నేనే దవాఖానకు తీసుకెళ్లాను. నిద్ర పట్టడం లేదని, మెడ వెనక నరాలు లాగేస్తున్నాయని అప్పటికే నెల రోజులుగా అంటున్నాడు. డాక్టరు చేతికి పట్టీ చుట్టి బీపీ చూశాడు. 170 బై 100. బిళ్లలు రాస్తూ "టెన్షన్ పెట్టుకోకు పెద్దాయనా" అన్నాడు. చిన్నాయన తలూపుతుండగానే చొక్కా జేబులో ఫోన్ మోగింది. తీసి పేరు చూసి, మోగుతున్న ఫోన్‌ని అలాగే తొడ మీద బోర్లించి పెట్టుకున్నాడు. పురుగుమందుల షాపాయన చేశాడు. పట్టీ ఇంకా చేతికే ఉంది. అప్పుడు మరోసారి గాలి కొట్టి చూసుంటే ముల్లు ఎక్కడ ఆగేదో!

మా వైపు ఈ దిగులును రంది అంటారు. ముదిరితే మనాది. "మనాదితోనే మంచం పట్టిండు" అని ఊళ్లో ఎవరి గురించో ఒకరి గురించి వింటూనే ఉంటాం. కోస్తాలో బెంగతో చిక్కిపోయాడంటారు. మనసులో పుట్టింది ఒంటిని తింటుందని మన భాషకు ఎప్పుడో తెలుసు. ప్రయోగశాలలో ఆ దిశగా ఒక పెద్ద ఆధారం దొరికింది 1936లో. మాంట్రియల్‌లో పనిచేస్తున్న హాన్స్ సెల్యే ఎలుకల్ని చలిలో పెట్టినా, గాయపరిచినా, విషం ఎక్కించినా లోపల ఒకే రకం మార్పులు చూశాడు. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి కీలకమైన థైమస్ కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. బాధ ఏదైనా ఒళ్లు స్పందించే తీరు ఒకటే అని ఆయన తేల్చాడు.

రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్తుంటే గట్టు మీద పాము కనిపించిందనుకోండి. క్షణంలో అడ్రినలిన్ అనే హార్మోను ఎగజిమ్ముతుంది, గుండె దడదడలాడుతుంది. కొద్ది నిమిషాల్లో కార్టిసాల్ అనే మరో హార్మోను పెరుగుతుంది. కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది, బీపీ ఎక్కుతుంది, అరుగుదల మందగిస్తుంది. పారిపోవడానికో కర్ర ఎత్తడానికో కావలసిన బలమంతా కండరాలకు చేరుతుంది. పాము పొదలోకి వెళ్లిపోయాక కాసేపటికి అంతా సర్దుకుంటుంది. ప్రాణం కాపాడే ఏర్పాటు ఇది, దీన్ని తప్పుపట్టడానికి లేదు.

అప్పు మాత్రం పొదలోకి వెళ్లిపోదు. నూటికి మూడు రూపాయల వడ్డీ పడుకున్నప్పుడు కూడా పెరుగుతూనే ఉంటుంది. రాత్రికి తగ్గాల్సిన కార్టిసాల్ తగ్గదు, రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది, మళ్లీ కన్ను మూతపడదు. నెలల తరబడి ఇలా సాగితే రక్తనాళాలు బిరుసెక్కుతాయి, నడుము చుట్టూ కొవ్వు చేరుతుంది, ఇన్సులిన్ మాట కణాలు వినవు. ఒళ్లు ఇలా అరిగిపోవడానికే అమెరికా శాస్త్రవేత్తలు బ్రూస్ మెక్‌ఎవెన్, ఎలియట్ స్టెల్లర్ 1993లో అలోస్టాటిక్ లోడ్ అని పేరు పెట్టారు. ఒంటి మీద పేరుకుపోయిన బరువు అనుకోవచ్చు.

మెదడు సంగతి ఇంకా బాధాకరం. కార్టిసాల్ చాలు, ఇక ఆపు అని చెప్పే భాగాల్లో హిప్పోక్యాంపస్ ఒకటి. జ్ఞాపకశక్తికీ అదే ఆధారం. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం 2002లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఎడతెగని ఒత్తిడికి హిప్పోక్యాంపస్ కణాల కొమ్మలు ఎండిపోయినట్టు చిన్నవయ్యాయి. భయాన్ని పుట్టించే అమిగ్డలాలో మాత్రం కొమ్మలు ఏపుగా పెరిగాయి. బ్రేకు అరిగిపోయి యాక్సిలరేటరు బలపడింది. ఎలుకలో కనిపించిందంతా మనిషికి అచ్చంగా వర్తిస్తుందని అనను. కానీ చీటికీ మాటికీ ఉలిక్కిపడుతూ, నిన్న చెప్పింది ఇవాళ మర్చిపోయే మనిషిని ఇంట్లో చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఇంటి ఆడవాళ్ల మాట అసలు ఎవరూ ఎత్తరు. మతిమరుపు జబ్బు ముదిరిన కుటుంబ సభ్యులను చూసుకుంటున్న 13 మంది స్త్రీల చేతి మీద అమెరికాలో పరిశోధకులు చిన్న గాటు పెట్టి, మానడానికి ఎన్ని రోజులు పడుతుందో చూశారు. 1995లో అచ్చయిన ఫలితం ఇది: అలాంటి బాధ్యత లేని స్త్రీలతో పోలిస్తే వాళ్లకు సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మంచాన ఉన్న అత్తగారికి సేవచేస్తూ, పగలు మిరప తోటకు పోయే మా చిన్నమ్మ కాలి పుండు ఎన్నాళ్లకూ ఎందుకు మానలేదో నాకు ఇది చదివాకే కొంత అర్థమైంది.

టెన్షన్ అంటే పెద్ద కుర్చీల్లో కూర్చునేవాళ్ల జబ్బు అని చాలామంది అనుకుంటారు. లండన్‌లో 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. సుమారు 18 వేల మంది ప్రభుత్వోద్యోగులను గమనిస్తే, అట్టడుగు గ్రేడువాళ్లలో గుండెజబ్బు మరణాలు పై అధికారులకన్నా మూడు రెట్లకు పైగా ఉన్నాయి. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ లెక్కేసినా ఆ తేడా పూర్తిగా తీరలేదు. తర్వాతి విడత పరిశోధనలో బయటపడ్డ పెద్ద కారణాల్లో ఒకటి, తన పని మీద తనకు పెత్తనం లేకపోవడం.

ఆ పెత్తనం కౌలు రైతుకు ఎక్కడుంది? కౌలు ముందే కట్టాలి. 2021లో తామర పురుగు వచ్చి తోటలకు తోటలు తుడిచిపెట్టేస్తే ఏ మందుకూ లొంగలేదు. పంట చేతికొచ్చాక మార్కెట్లో పొద్దున జెండా పాట (ఆ రోజు మొదటి వేలం) ఒక ధర పలుకుతుంది, తన బస్తాల దగ్గరికొచ్చేసరికి ఇంకో ధర. అందరికన్నా ఎక్కువ చాకిరీ తనది, ఒక్క నిర్ణయమూ తన చేతిలో ఉండదు.

తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, కోత అయి డబ్బు చేతికొచ్చాక మరోసారి బుద్ధి పరీక్షలు పెట్టిన అధ్యయనం 2013లో వెలువడింది. అదే రైతు కోతకు ముందు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. ఒత్తిడి ఒక్కటే ఇందుకు కారణం కాకపోవచ్చని, బుర్రలో చోటంతా డబ్బు లెక్కలే ఆక్రమించడం అసలు కారణమని పరిశోధకుల అభిప్రాయం. ఏది ఎంతైనా, అప్పు తిరగరాయాలా, పంటను కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, అయినకాడికి అమ్మాలా అనే నిర్ణయాలన్నీ పడేది సరిగ్గా ఆ నెలల్లోనే. తీరా నష్టపోతే లెక్క తెలియనోడని మనమే అంటాం. ఇంతకన్నా అన్యాయం నాకు తెలియదు.

బీపీ బిళ్లలు మానమని ఎవరికీ చెప్పను, మానకూడదు. నిద్ర పట్టనివాళ్లు, బతుకు మీద విరక్తి కలిగినవాళ్లు 14416కు చేస్తే టెలీ మానస్‌లో ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. సిగ్గుపడకుండా చేయాలి. కానీ "టెన్షన్ పెట్టుకోకు" అనే మాటతో మన బాధ్యత తీరిపోయినట్టు ప్రవర్తించడం ఆపాలి. కౌలు రైతు చేతికి ఒక కాగితం ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. కానీ తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారులకే పరిమితమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం 11 నెలల సాగు హక్కు పత్రం ఇస్తానంది, దానికి భూయజమాని సంతకం కావాలంది, భూమి పోతుందన్న భయంతో చాలామంది పెట్టలేదు. సాగు చేస్తున్నవాడి పేరుతో ఒక కాగితం ఉంటే బ్యాంకు అప్పుకు దారి దొరుకుతుంది, పంట నష్టం లెక్కలో పేరు చేరుతుంది, రాత్రి రెండింటికి లేచి వేసుకునే లెక్కల్లో కొన్నయినా తగ్గుతాయి. ఆ కాగితాన్ని వ్యవసాయ శాఖ పనిగానే చూస్తున్నాం. ఆరోగ్య శాఖ కూడా దాన్ని అడగాలి.

ఈ ఏడు కూడా చిన్నాయన అదే మూడెకరాలు మాట్లాడుకున్నాడు. కౌలు ముందే కట్టాడు, నోటిమాట మీదే.