సూడాన్ కోసం మోకరించినప్పుడు ఏం అడుగుతున్నాం?

సూడాన్‌లో రంజాన్ సాయంత్రాలు నాలుగు గోడల మధ్య గడవవు. పొద్దు గూకే వేళకు ఇంటింటి నుంచి పళ్లేలు వీధిలోకి వస్తాయి. మగవాళ్లు రోడ్డు పక్కన చాపలు పరిచి కూర్చుంటారు. దారిన పోయే బస్సునో లారీనో ఆపి, అందులోవాళ్లను దింపి, తమతో ఇఫ్తార్ చేస్తేగానీ వదలరు. జొన్న మొలకలతో చేసిన ఒక పానీయం అక్కడ తప్పకుండా ఉంటుంది. దాని పేరు హిలూ ముర్. అంటే తీపి చేదు. ఉగాది పచ్చడి తిని పెరిగిన మనకు ఆ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ చాపల మీదకే యుద్ధం వచ్చింది. 2023 ఏప్రిల్ 15న, రంజాన్ చివరి వారంలో, సైన్యాధిపతి బుర్హాన్ బలగాలకూ, హెమెద్తీ నడిపే ఆర్‌ఎస్‌ఎఫ్ (రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్) అనే సాయుధ దళానికీ మధ్య రాజధాని ఖార్టూమ్‌లో కాల్పులు మొదలయ్యాయి. మన వాళ్లను ఆపరేషన్ కావేరి పేరుతో పోర్ట్ సూడాన్, జెద్దాల మీదుగా వెనక్కి తెచ్చారు. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు ఇల్లు చేరాక సూడాన్ మన వార్తల్లోంచి దాదాపు జారిపోయింది.

అక్కడ యుద్ధం మాత్రం ఆగలేదు. 2024 మార్చి 8న రంజాన్ నెలంతా కాల్పులు ఆపాలని భద్రతా మండలి 14 ఓట్లతో తీర్మానం చేసింది, రష్యా ఓటు వేయలేదు. నెల మొదలైన మరుసటి రోజే ఖార్టూమ్ పక్కనున్న ఒమ్‌దుర్మాన్‌లోని రేడియో, టీవీ భవనం కోసం పోరాడి సైన్యం దాన్ని చేజిక్కించుకుంది. 2025 రంజాన్‌లో ఖార్టూమ్ అధ్యక్ష భవనం ఆర్‌ఎస్‌ఎఫ్ నుంచి సైన్యం చేతికి మారింది. కోటి మందికి పైగా ఇళ్లు వదిలారు.

ఎల్ ఫాషర్ దగ్గర కాస్త ఆగాలి. దేశానికి పడమట ఉన్న డార్ఫుర్ ప్రాంతంలోని ఆ నగరాన్ని ఆర్‌ఎస్‌ఎఫ్ దాదాపు ఏడాదిన్నర ముట్టడించింది. పక్కనే ఉన్న జంజం శిబిరంలో కరువు వచ్చిందని 2024 ఆగస్టులో నిపుణులు ధ్రువీకరించారు. తిండి లేక జనం అంబాజ్ తిన్నారు. నూనె తీసేశాక మిగిలే చెక్క అది, మనం గేదెలకు పెట్టే వేరుశనగ చెక్క లాంటిది. 2025 సెప్టెంబర్ 19న తెల్లవారుజాము నమాజులో ఉన్నవాళ్లపై డ్రోన్ దాడి జరిగి 70 మందికి పైగా చనిపోయారు. అక్టోబర్ 26న నగరం పడిపోయింది. ఒక్క ప్రసూతి ఆసుపత్రిలోనే 460 మందికి పైగా చంపేశారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

2026లో భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, ఆ వెంటనే రంజాన్. మన శ్రమల దినాలు, వాళ్ల రోజాలు కలిసే నడిచాయి. రంజాన్ వస్తే ముస్లిం దేశాల కోసం ప్రత్యేకంగా ప్రార్థించే అలవాటు క్రైస్తవ లోకంలో మూడు దశాబ్దాలుగా ఉంది. మన సంఘాల్లోనూ 10/40 విండో (భూమధ్యరేఖకు ఉత్తరాన 10, 40 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్న, సువార్త అంతగా చేరని దేశాలు) పటం గోడకు పెట్టి, ఒక్కో దేశం పేరు చెప్పి విజ్ఞాపన చేస్తారు. నేను ఆ కూటాల్లో పెరిగినవాణ్ణి. ఆ ప్రార్థనలో మనసు ఉంటుందని నాకు తెలుసు. కానీ సూడాన్ పేరు రాగానే నోట వచ్చే మాటలు ఏవి? చీకటి బంధకాలు తెగాలి, కోటలు కూలాలి, ఆత్మలు రక్షింపబడాలి. ఆకలి అనే మాట ఎన్నిసార్లు వస్తుంది?

సువార్త చెప్పడం తప్పని నేను అనను, నా విశ్వాసం అందుకు ఒప్పుకోదు. కానీ సూడాన్ జబ్బుకు ఇస్లాం అని పేరు పెట్టి ప్రార్థిస్తే జబ్బును తప్పుగా గుర్తించినట్టే. ఇద్దరు సేనానులూ ముస్లింలే. చంపుతున్నవాళ్లూ, చచ్చిపోతున్నవాళ్లూ అదే నెలలో అదే రోజా పాటిస్తున్నారు. 2003లో డార్ఫుర్ మీదకు ప్రభుత్వం ఉసిగొల్పిన జంజవీద్ మూకల నుంచే ఆర్‌ఎస్‌ఎఫ్ పుట్టింది. డార్ఫుర్‌లోని మసాలిత్ అనే తెగ ప్రజలను వేటాడింది మతం కోసం కాదు, జాతి పేరుతో, భూమి కోసం. వెనకాల బంగారం ఉంది. సూడాన్ బంగారంలో ఎక్కువ భాగం చేరేది దుబాయ్‌కే. ఆర్‌ఎస్‌ఎఫ్‌కు దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశం ఆయుధాలు ఇస్తోందన్న ఆరోపణను ఆ దేశం ఖండిస్తోంది. దుబాయ్ నుంచి గొలుసు తెప్పించుకోవడం మన ఇళ్లలో మామూలే. నేను ఎవర్నీ నిందించడం లేదు. కానీ డార్ఫుర్ కోసం మోకరించేటప్పుడు మెడలోని గొలుసు కూడా గుర్తుకు రావాలి.

అక్కడి క్రైస్తవుల కష్టం చిన్నది కాదు. 2020 దాకా ఇస్లాం వదిలితే మరణశిక్ష అని చట్టంలో ఉండేది. యుద్ధం మొదలైన రోజుల్లోనే ఖార్టూమ్‌లోని ఆంగ్లికన్ కెథెడ్రల్‌ను ఆర్‌ఎస్‌ఎఫ్ ఆక్రమించింది. అయినా వాళ్లు ఆ నేలకు కొత్తవాళ్లు కారు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో రథం మీద యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్లిన మంత్రి కందాకే రాణి దగ్గర పనిచేసేవాడు. ఆ రాణుల మెరోయే రాజధాని నేటి సూడాన్‌లోనే ఉంది. తర్వాత నూబియా క్రైస్తవ రాజ్యాలు వందల ఏళ్లు నిలిచాయి. నియంత బషీర్‌ను దించిన 2019 ఉద్యమంలో ముందు నడిచిన ఆడపిల్లలను జనం కందాకలు అనే పిలిచారు. ఆ ఉద్యమకారులు ఖార్టూమ్‌లో చేసిన ధర్నాలో ముస్లింలు ఎండలో నమాజు చేస్తుంటే క్రైస్తవులు పైన గుడ్డ పట్టి నీడ ఇచ్చారు. ఆ శిబిరాన్ని రంజాన్ 29వ రోజున, పండగ ముంగిట, భద్రతా బలగాలు తుపాకులతో చెదరగొట్టి వంద మందికి పైగా చంపారు.

ప్రార్థన అంటే నాకు ఆ గుడ్డ గుర్తొస్తుంది. దాన్ని పట్టుకున్నవాళ్లు కింద ఉన్నవాళ్ల ప్రార్థన ఆగిపోవాలని కోరుకోలేదు. ఎండ వాళ్ల నెత్తిన పడకూడదని కోరుకున్నారు.

మనం అడగదగ్గవి చాలానే ఉన్నాయి. సూడాన్‌లో వీధి వీధిలో కుర్రాళ్లు తకాయా అనే ఉమ్మడి వంటశాలలు నడుపుతున్నారు. 2025లో అమెరికా సాయం ఆగిపోయి, సరిగ్గా రంజాన్ ముందు, వాటిలో వందల వంటశాలల్లో పొయ్యి ఆరిపోయింది. ఆ పొయ్యిలు మళ్లీ వెలగాలని అడగొచ్చు. కానుక పెట్టెలో ఒక రోజు డబ్బు వాటి కోసం పక్కన పెట్టొచ్చు. ఉపవాసమంటే నీ ఆహారం ఆకలిగొన్నవాడితో పంచుకోవడమేనని యెషయా 58వ అధ్యాయం చెబుతోంది కదా.

రంజాన్ నెలలో రాత్రి కూటం ముగించుకుని తొమ్మిదింటికి మనం అన్నానికి కూర్చునే వేళ డార్ఫుర్‌లో ఇంకా పొద్దు గూకదు. ఎల్ ఫాషర్ నుంచి పారిపోయి తవీలాలో గుడారాల కింద ఉన్న తల్లులు అప్పటికి రోజాలోనే ఉంటారు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఆ ఊళ్ల పేర్లు పలికి, మరో గంటలో వాళ్ల పళ్లెంలోకి కాస్త జొన్న సంకటి రావాలని అడుగుదాం.