ఉల్కలో జీవం అంటున్నారా? అది నేల మీద ఎన్నాళ్లుందో ముందు చెప్పండి

మొన్న ఎండాకాలం దేవరకొండ దగ్గర మా చిన్నాయన చెలక దున్నిస్తుంటే నాగలికి నల్లటి రాయి ఒకటి తగిలింది. బాగా బరువుంది, ఒళ్లంతా బొక్కలు, అయస్కాంతం పెడితే పట్టుకుంటోంది. సాయంత్రానికి దాని ఫొటో మా వాట్సాప్ గ్రూపులోకొచ్చింది, రాత్రికి అది ఆకాశం నుంచి పడ్డ రాయి అయింది, తెల్లారేసరికి ఎవరో ఒక వీడియో జతచేసి "ఇలాంటి రాళ్లలోనే వేరే గ్రహాల బ్యాక్టీరియా దొరికింది, నాసా దాచిపెట్టింది" అని రాశారు. రాయి సంగతి తొందరగానే తేలింది, అది ఇనుప చిట్టెం. తెలంగాణలో ఒకప్పుడు చాలా ఊళ్లలో ఇనుము కరిగించేవాళ్లు, అప్పుడు మిగిలిన చిట్టెం ఇప్పటికీ చెలకల్లో దొరుకుతుంది. ఉల్కల్లో అలాంటి బుడగ బొక్కలు చాలా అరుదు.

కానీ రాళ్లలో బ్యాక్టీరియా దొరికిందన్న ఆ రెండో మాటను అంత తేలిగ్గా వదిలేయలేం. పేరున్న శాస్త్రవేత్తలే ఆ మాట అన్నారు, ఒకసారి కాదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఇప్పటిదాకా ఏ ఉల్కలోనూ వేరే లోకపు సూక్ష్మజీవి ఉన్నట్టు రుజువు కాలేదు. దొరకాలని నాకూ ఉంది, చాలా ఉంది. అందుకే సగం సాక్ష్యంతో పండగ చేసుకోవడం నచ్చదు.

1996 ఆగస్టులో నాసాకు చెందిన డేవిడ్ మెకే బృందం ఏఎల్‌హెచ్ 84001 అనే ఉల్కలో ఒకప్పటి జీవం గుర్తులు ఉండొచ్చని ప్రకటించింది. 1984లో అంటార్కిటికాలో దొరికిన, రెండు కిలోలకు కాస్త తక్కువ బరువున్న రాయి అది, అంగారకుడి నుంచి ఊడివచ్చింది, వయసు 400 కోట్ల ఏళ్ల పైమాటే. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా దాని గురించి మాట్లాడారు, పరిశోధన సైన్స్ పత్రికలో అందరూ చదివేలా అచ్చయింది. ఇందులో దాచిపెట్టింది ఏముంది?

జనం మనసులో నిలిచిపోయింది మాత్రం ఒక ఫొటో. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వానపాముల్లా కనిపించిన సన్నటి నిర్మాణాలు. వాటిలో చాలావాటి సైజు 20 నుంచి 100 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ ఒక్కటే 20 నానోమీటర్లు దాటుతుంది. మరి అంత ఇరుకులో ఒక జీవి బతకడానికి కావాల్సిన సామానంతా ఎక్కడ పడుతుంది? అసలు చూపును నమ్ముకుంటే ఏమవుతుందో నల్లగొండ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తేటగా మెరిసే బోరు నీళ్లే ఇక్కడ తరాల ఎముకలను వంకర్లు తిప్పాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడ్‌ను కన్ను పట్టుకోలేదు, పరీక్ష పట్టుకుంది. రాయి విషయంలోనూ అంతే, పురుగులా కనిపించింది కాబట్టి పురుగే అనడానికి లేదు.

మెకే బృందం దగ్గర ఇంకా గట్టి వాదనలు ఉన్నాయి, కొన్ని భూమ్మీది బ్యాక్టీరియా తయారుచేసే వాటిలాంటి మాగ్నటైట్ అనే అయస్కాంతపు ఇనుప ఖనిజం స్ఫటికాలు, సేంద్రియ (కార్బన్‌తో కూడిన) పదార్థాలు. అయితే ఆ రాయి మన చేతికొచ్చే ముందు దాదాపు 13 వేల ఏళ్లు అంటార్కిటికా మంచులో ఉంది. 1998లో కార్బన్-14తో (భూమ్మీది జీవుల్లో ఉండి, కాలంతో తగ్గిపోయే ఒక రకం కార్బన్) లెక్కకడితే అందులోని సేంద్రియ కార్బన్‌లో ఎక్కువ భాగం భూమిదేనని తేలింది. మిగిలింది అంగారకుడిదే అనుకున్నా, నీరు, రాయి కలిసి జరిపే మామూలు రసాయన చర్యలతోనే అది పుట్టగలదని 2022లో ఆండ్రూ స్టీల్ బృందం చూపించింది.

ఇంతకంటే పాత కథ ఒకటుంది, 1864 మే నెలలో ఫ్రాన్స్‌లోని ఓర్గ్వీ దగ్గర పడ్డ ఉల్కది. 1961లో అందులో జీవుల శిలాజాల్లాంటివి ఉన్నాయన్నారు, తర్వాత చూస్తే వాటిలో కొన్ని భూమ్మీది పుప్పొడి రేణువులు. ఇంకా ఘోరం, గాజు సీసాలో భద్రంగా ఉన్న ఒక ముక్కలో మొక్క విత్తనాలు, బొగ్గు ముక్కలు కనిపించాయి. ఎవరో కావాలనే జిగురు పెట్టి అతికించారు, ఆ సంగతి బయటపడటానికి వందేళ్లు పట్టింది.

మోసం లేకపోయినా, జాగ్రత్త తక్కువ కాకపోయినా మన క్రిములు ఊరుకోవు. జపాన్ వాళ్లు హయబుసా-2 నౌకతో ర్యుగు గ్రహశకలం నుంచి 5.4 గ్రాముల మట్టి తెచ్చారు, ఎంత పకడ్బందీగా తెచ్చారో ప్రపంచమంతా మెచ్చుకుంది. అందులోంచి ఒక చిన్న రేణువును లండన్‌లో పరీక్షకు పెడితే దాని మీద సూక్ష్మజీవుల పోగులు కనిపించాయి, రోజులు గడిచేకొద్దీ వాటి సంఖ్య పెరిగింది, తర్వాత తగ్గింది. అలా పెరిగి తగ్గిన తీరును బట్టే అవి ఇక్కడివని పట్టుకున్నారు. ప్రయోగశాలలోనే ఇలా ఉంటే, ఊరి బయట వానకు తడిసిన రాయి సంగతేంటి?

ఈ జాగ్రత్తకు నాకు నచ్చిన ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. 2005 ఏప్రిల్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్ ఎగరేసి 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని ఉక్కు గొట్టాల్లో పట్టింది. ఆ గాలిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో, పుణెలో విడివిడిగా పరీక్షించారు. అప్పటిదాకా ఎవరికీ తెలియని బ్యాక్టీరియా జాతులు మూడు దొరికాయి. ఒకదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు మీద జానిబాక్టర్ హోయ్‌లీ అని, ఇంకోదానికి ఆర్యభట పేరు పెట్టారు. ఎంత పెద్ద హెడ్‌లైన్ కావచ్చు అది! అయినా 2009లో ప్రకటించినప్పుడు ఇస్రో, ఇవి భూమి బయటివని ఈ ప్రయోగం కచ్చితంగా నిరూపించడం లేదు అని స్పష్టంగా రాసింది. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

జీవం రాయిలో ప్రయాణం చేయలేదని నేను అనడం లేదు. అంగారకుడి నుంచి ఊడివచ్చినా, మన గాల్లో మండుతూ దిగినా, ఏఎల్‌హెచ్ 84001 లోపలి భాగం 40 డిగ్రీలు దాటి వేడెక్కలేదని 2000లో తేల్చారు. నల్లగొండ మే నెల ఎండ అంతకంటే ఎక్కువ. అంతరిక్ష కేంద్రం బయట మూడేళ్లు ఉంచినా డైనోకోకస్ అనే బ్యాక్టీరియా గుంపుల్లో కొంత బతికే ఉంది. కాబట్టి ప్రయాణం సాధ్యమే. జరిగిందా అన్నది వేరే ప్రశ్న.

ఆకాశపు రాళ్లలో నిజంగా దొరుకుతున్నది ఏంటంటే ముడిసరుకు. 1969లో ఆస్ట్రేలియాలో పడ్డ మర్చిసన్ ఉల్కలో ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు పదుల రకాలున్నాయి. 2023లో నాసా తెచ్చిన బెన్ను అనే గ్రహశకలం మట్టిలో, జీవులు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 కనిపించాయి, డీఎన్ఏ, ఆర్ఎన్ఏల అక్షరాలు అయిదూ ఉన్నాయి. కానీ అమైనో ఆమ్లాలు మన రెండు చేతుల్లా, అద్దంలో ప్రతిబింబాల్లా రెండు రూపాల్లో ఉంటాయి; బెన్నులో ఎడమ చేతివి, కుడి చేతివి దాదాపు సమంగా ఉన్నాయి, మన జీవులేమో ప్రొటీన్లకు ఎడమ చేతివే వాడుకుంటాయి. పాలున్నాయి, తోడు పడలేదు.

అందుకే నా ఆశంతా ఇప్పుడు రాలిపడే రాళ్ల మీద లేదు. అంగారకుడి మీద నాసా పర్సెవరెన్స్ రోవర్ 2024లో చిరుతపులి మచ్చల్లాంటి గుర్తులున్న ఒక రాతి నుంచి ముక్క తీసి గొట్టంలో మూసిపెట్టింది. 2025 సెప్టెంబర్‌లో శాస్త్రవేత్తలు దాన్ని జీవానికి గుర్తు కావచ్చు అని మాత్రమే అన్నారు. ఆ ముక్కకు మన వాన తగల్లేదు, మన దుమ్ము అంటలేదు. దాన్ని ఇంటికి తెచ్చే పని మాత్రం డబ్బుల దగ్గర ఏళ్లుగా నలుగుతోంది.