‘తప్పే, కానీ...’

పహల్గాం దగ్గర బైసరన్‌లో 2025 ఏప్రిల్ 22న ఉగ్రవాదులు, చాలామందిని మతం అడిగి మరీ, కాల్చి చంపిన 26 మందిలో మన కావలి బిడ్డ ఒకరు. భార్యాపిల్లలతో సెలవులకు వెళ్లిన మనిషి శవపేటికలో ఊరికొచ్చాడు. ఆ 26 మందిలోనే, అదే పచ్చికలో పర్యాటకులను గుర్రాల మీద తిప్పి పొట్టపోసుకునే స్థానిక ముస్లిం యువకుడొకరు కూడా ఉగ్రవాదుల తూటాలకు బలయ్యాడు. కావలి ఆ రోజు దుకాణాలు కట్టేసి వీధుల్లోకి వచ్చి ఏడ్చింది. ఆ ఇంటి ముందు నిలబడ్డ వాళ్లలో ఒక్కరు కూడా ‘తప్పే, కానీ...’ అనలేదు. కాశ్మీర్ చరిత్ర ఏమిటో, ఆ తుపాకులు పట్టినవాళ్లు తమ చేతలకు ఏం కారణం చెప్పుకుంటున్నారో ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఊరు ఊరుకునేది కాదు. చావు ఇంటి ముందు ఎలా ఉండాలో మనవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మరి మిగతా చావుల దగ్గర ఆ తెలివిడి ఏమైపోతోంది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల గడ్డ మీద నాలుగు దశాబ్దాలుగా కులం పేరుతో, విప్లవం పేరుతో, శాంతిభద్రతల పేరుతో ఎందరినో చంపారు. ప్రతి హత్య తర్వాతా టీకొట్టు దగ్గర, పార్టీ ఆఫీసులో, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, పత్రికల డెస్కుల మీద కూడా ఆ రెండు మాటలు వినిపించాయి. ‘తప్పే, కానీ’. తప్పని ఒప్పుకున్నట్టే ఉంటుంది. మరుక్షణం ఆ ఒప్పుకోలును వెనక్కి లాక్కుంటుంది. చనిపోయినవాడు ఎవరు, ఏ కులం, ఏ పార్టీ, ఎవరికి సమాచారం ఇచ్చాడు అన్నదాన్ని బట్టి ఆ ‘కానీ’ పొడుగు పెరుగుతూ పోతుంది.

కారంచేడు దగ్గర మొదలుపెడదాం. ఇప్పుడు అది బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ, 1985 జులై 17న అది ప్రకాశం జిల్లా ఊరే. అంతకు ముందురోజు జరిగింది చిన్న విషయం. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లను గేదెల బకెట్టుతో మురికి చేస్తుంటే ఒక కుర్రాడు అదేమని అడిగాడు. అడిగినందుకు దెబ్బలు తిన్నాడు. నీళ్లకొచ్చిన ఒక ఆడమనిషి అడ్డుపడింది. చేయి ఆమె మీదికీ లేచింది. ఆమె చేతిలోని బిందె ఎత్తింది. అంతే. తెల్లారేసరికి బరిసెలు, గొడ్డళ్లు, కర్రలు పట్టుకుని వందలమంది పల్లె మీద పడ్డారు. పొలాల్లోకి పరిగెత్తిన వాళ్లను వెంటాడి నరికారు. ఆరుగురు మాదిగలు చనిపోయారు. ముగ్గురు స్త్రీల మీద అత్యాచారం జరిగింది. ప్రాణం దక్కించుకున్నవాళ్లు కట్టుబట్టలతో చీరాల చేరారు.

ఆ రోజుల్లో కూడా ‘కానీ’ వినిపించింది. ‘చంపడం తప్పే, కానీ ఈమధ్య వాళ్లకు పొగరెక్కువైంది’ అన్నారు. ‘పెద్దవాళ్ల మీద బిందె ఎత్తితే ఊరుకుంటారా’ అన్నారు. ఈ మాట అన్నవాళ్లలో చాలామంది కత్తి పట్టనివాళ్లు, రోజూ పేపరు చదివేవాళ్లు, పిల్లలను చదివించుకునేవాళ్లు. అలాంటి పెద్దమనుషుల నోట వచ్చిన ఆ మాటే చంపినవాళ్లకు మరుసటి ఉదయం ఊళ్లో తలెత్తుకు తిరిగే ధైర్యం ఇచ్చింది. ఊరు తప్పు పట్టదన్న భరోసా లేకుండా అంతమంది పట్టపగలు ఒక పల్లె మీద పడరు.

చీరాలకు చేరినవాళ్లు మాత్రం ఏం చేశారు? ప్రతీకారానికి పోలేదు. శిబిరం పెట్టుకుని కూర్చున్నారు. న్యాయం జరిగేదాకా ఊరికి తిరిగి వెళ్లమన్నారు. ఊరి పనికి మళ్లీ పోకపోవడమే వాళ్ల దగ్గరున్న ఆయుధం. రాష్ట్రం నలుమూలల నుంచి జనం ఆ శిబిరానికి వచ్చారు. ప్రభుత్వ ప్లీడరు పదవిని వదులుకుని బొజ్జా తారకం వచ్చారు. దళిత ఉద్యమ నాయకుడు కత్తి పద్మారావు వచ్చారు. ఆ కదలికలోంచే దళిత మహాసభ పుట్టింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఉన్న ఊళ్ల పేర్లు చెప్పమంటే, దేశంలో ఎవరైనా కారంచేడు పేరు చెబుతారు. ఈ జిల్లా దేశానికి ఇచ్చిన వాటిలో అంతకంటే పెద్దది మరొకటి మాకు కనిపించదు. దాన్ని ఇచ్చింది చెట్టుకింద, గుడారాల్లో నెలల తరబడి గడిపిన కూలిజనం.

అయితే అదే 1989లో ఇంకొకటి జరిగింది. ఆ మారణకాండ వెనుక ఉన్నారని బాధితులు వేలెత్తి చూపిన గ్రామపెద్దను నక్సలైట్ల పార్టీ అయిన పీపుల్స్‌వార్ దళం చంపింది. ఈసారి ‘కానీ’ అవతలి వైపు నుంచి వచ్చింది. ‘చంపడం తప్పే, కానీ కోర్టులు ఏం చేశాయి?’ ఈ ప్రశ్నను మేం తేలిగ్గా తోసిపుచ్చం. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చింది 2008 డిసెంబరులో. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేళ్లు. ఇరవై మూడేళ్ల పాటు ఆ కుటుంబాలు కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి. సాక్షులు ముసలివాళ్లయిపోయారు, కొందరు పోయారు. ఆ ఆలస్యమే తుపాకీని న్యాయమూర్తిగా చూపిస్తుందని మాకు తెలుసు.

తెలిసి కూడా మేం చెప్పేది ఇదీ: ఆ దళం బాధితుల దగ్గరికొచ్చి అనుమతి అడగలేదు. చీరాల శిబిరంలో కూర్చున్నవాళ్లు కోరింది విచారణ. నిందితుడిని బోనులో నిలబెట్టి, నలుగురి ముందు, తమ నోటితో జరిగింది చెప్పి, ‘అవును, ఇది నేరమే’ అని రాజ్యం చేత అనిపించడం వాళ్ల లక్ష్యం. ఆ మనిషి విషయంలో ఆ అవకాశం శాశ్వతంగా పోయింది. పైగా, అప్పటిదాకా హంతకుల వైపు వేలు చూపిస్తున్న లోకం, చనిపోయిన పెద్దమనిషి వైపు జాలిగా చూడటం మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక సంగతి విడదీసి చూడాలి. చెరువు గట్టున బిందె ఎత్తిన ఆమె చేసింది కూడా హింసేనా అని అడిగేవాళ్లున్నారు. కానే కాదు. దెబ్బ మీద పడుతున్న క్షణంలో, ఆ కొడుతున్న చేతిని ఆపడానికి, చేతికందిన దాన్ని ఎత్తడం ఆత్మరక్షణ. శిక్షాస్మృతి కూడా దాన్ని హక్కుగా ఒప్పుకుంది. నాలుగేళ్ల తర్వాత, పథకం వేసుకుని, ఆ క్షణంలో ఎవరినీ కొట్టని మనిషిని చంపడం వేరే పని. ఈ రెంటినీ ఒకే గంపలో వేసి ‘హింస అంతా ఒకటే’ అనేవాళ్లు బాధితురాలికి అన్యాయం చేస్తున్నారు. రెంటినీ ఒకే గంపలో వేసి ‘తిరుగుబాటు అంతా ఒకటే’ అనేవాళ్లు కూడా అదే అన్యాయం చేస్తున్నారు.

నల్లమల వైపు చూద్దాం. మార్కాపురం, దోర్నాల, యర్రగొండపాలెం ప్రాంతాల్లో నక్సలైట్ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో పత్రికలకు వచ్చిన ఒక రకం వార్తలు అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. శీర్షిక, ‘ఇన్‌ఫార్మర్ నెపంతో హత్య’. రాత్రి పూట తలుపు తట్టారు, బయటికి పిలిచారు, చేతులు వెనక్కి కట్టి ఊరి బయటికి తీసుకెళ్లారు. పొద్దున శవం, పక్కన ఒక లేఖ. వార్తలో సగం ఆ లేఖే. అతను ఏ తప్పు చేశాడని వాళ్లు ఆరోపించారో, ఎన్నిసార్లు హెచ్చరించారో, అన్నీ వివరంగా. చనిపోయిన మనిషికి దక్కింది ఒక వాక్యం. అతనికి ఎంత పొలం ఉంది, పిల్లలెందరు, పోలీసులు పిలిస్తే స్టేషన్‌కు పోకుండా ఉండగలిగే స్థితి అతనికి ఉందా, ఇవేవీ అందులో ఉండవు. అటు దళం, ఇటు ఖాకీ, మధ్యలో నలిగిన మనిషి తన తరఫున ఒక్క మాట చెప్పుకోకుండానే దోషి అయిపోయాడు. అతన్ని దోషిని చేసిన కాగితాన్ని అచ్చువేసి ఇంటింటికీ పంచింది పత్రికలే. ఆ పాపంలో మా వాటా మాదే.

నాయకుల విషయానికొస్తే, ఒంగోలు ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డిని 1995 డిసెంబరు 1న ఒంగోలులోనే నక్సలైట్లు కాల్చి చంపారు. 2007 సెప్టెంబరు 7న నెల్లూరు జిల్లా విద్యానగర్ దగ్గర మందుపాతర పేల్చింది మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి దంపతుల కోసం. 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధం పెట్టింది ఆయన ప్రభుత్వం. దంపతులు బయటపడ్డారు. కాన్వాయ్‌లోని ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నిషేధానికీ ఆ ముగ్గురికీ ఏం సంబంధమో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

ఇక ఎన్‌కౌంటర్లు. ‘చట్టవిరుద్ధమే, కానీ వాళ్లు మాత్రం చంపలేదా?’ అనే ప్రశ్న ఇక్కడి ‘కానీ’. చంపారు. అందుకే పట్టుకుని కోర్టులో నిలబెట్టమంటున్నాం. రాజ్యం కూడా దళం లాగే రాత్రిపూట తీర్పు చెప్పి తెల్లారేసరికి అమలు చేస్తే, కారంచేడు కుటుంబాలు ఇరవై మూడేళ్లు ఏ వ్యవస్థను నమ్మి ఎదురుచూశాయో ఆ వ్యవస్థే తనను తాను కాదనుకున్నట్టు. ఎన్‌కౌంటర్ మరణం ప్రతిదానిపైనా స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ జరగాలని సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ విచారణ నివేదికల్లో ఎన్ని జనం కంటపడ్డాయో వార్తలు రాసే మాకే గుర్తు రావడం లేదు.

రెండు వైపులా ఒకే తూకంరాయి వాడినవాళ్లు మనలో లేకపోలేదు. 2004 అక్టోబరులో అజ్ఞాత నాయకులు ప్రకాశం జిల్లా నల్లమల నుంచి బయటికొచ్చి హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నారంటే, దాని వెనుక మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్, ఆయన సహచరుల ఏళ్ల తరబడి శ్రమ ఉంది. వాళ్ల పౌరస్పందన వేదిక పోలీసుల హత్యలనూ నక్సలైట్ల హత్యలనూ పేరుపెట్టి తప్పుపట్టింది. అంతకు ముందే కె.బాలగోపాల్ పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదికను నిలబెట్టడానికి మూలం కూడా ఈ ప్రశ్నే. విప్లవం పేరుతో జరిగే హింసను ప్రశ్నించకుండా హక్కుల గురించి మాట్లాడటం ఎలాగన్నది ఆయన వాదన. అందుకు పాత మిత్రులే ఆయన్ని దూరం పెట్టారు. ఆయన వెనక్కి తగ్గలేదు. చర్చలు నిలవలేదు గానీ, ఆ మనుషులు నిలబడిన చోటు ఇంకా అక్కడే ఉంది.

మాటల గురించి ఇంతగా ఎందుకంటే, మాటలతో మొదలై మూకుమ్మడి హత్యల దాకా పోయిన దేశాలున్నాయి. 1994లో రువాండాలో టుట్సీలను రేడియోలో రోజూ ‘బొద్దింకలు’ అన్నారు. వంద రోజుల్లో లక్షలమందిని నరికేశారు. ఆ రేడియోవాళ్లతో పాటు ఒక పత్రిక సంపాదకుడికి కూడా రువాండా మారణకాండ విచారణకు పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003లో శిక్ష వేసింది. యూదుల మీద విషం కక్కిన జర్మన్ పత్రిక యజమాని జూలియస్ స్ట్రీచర్‌ను న్యూరెంబర్గ్ విచారణ తర్వాత 1946లో ఉరితీశారు. ‘పొగరెక్కింది’ అనడం, ‘బొద్దింకలు’ అనడం ఒకటే అని మేం అనం. ఒకే దారిలో మొదటి మైలురాయి, చివరి మైలురాయి అని మాత్రం అంటాం. అచ్చులో మాటను నిలిపే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఈ తీర్పులు మాకు దూరదేశపు సంగతులుగా అనిపించవు.

ఈ రెండు జిల్లాలకు ఉన్న పేర్లు చూడండి. ఒకటి, 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా తుపాకీకి రొమ్ము చూపించిన టంగుటూరి ప్రకాశం పేరు. రెండోది, ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు అన్నం మాని 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములు పేరు. ఆయన అంతకు ముందు 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి తలుపులు హరిజనులకు తెరవాలని నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఊళ్లోని పెద్దలకు అది రుచించి ఉండదు. ఇద్దరూ తమ ఒంటినే పణంగా పెట్టారు, పక్కవాడి ఒంటిని పెట్టలేదు.

కారణాలు వెతకొద్దని మేం అనడం లేదు. భూమి ఎవరి చేతిలో ఉంది, చెరువు నీళ్లు ఎవరివి, పోలీసు స్టేషన్‌లో ఎవరి ఫిర్యాదు రాసుకుంటారు, ఇవన్నీ రాయాలి, రాస్తాం. కాకపోతే ‘తప్పే’ అన్న మాట దగ్గర వాక్యం ముగియాలి. కారణం ఇంకో వాక్యంలో, ఇంకో పేరాలో రావాలి. మా విలేకరులకు, డెస్కుకు ఇకపై ఇదే చెబుతున్నాం. ఎవరు చంపినా, చనిపోయిన మనిషి ఎవరో, ఎలా బతికేవాడో ముందు రాస్తాం. చంపినవాళ్ల ఆరోపణను ఆరోపణగానే రాస్తాం. ఎదురుకాల్పుల వార్తలో ‘పోలీసులు చెప్పారు’ అన్న మాట తీసేయం. విచారణ ఏమైందని మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ అడుగుతాం.

అలాగే ఒంగోలు, నెల్లూరు కలెక్టర్లను ఒకటి అడుగుతున్నాం. అత్యాచారాల నిరోధక చట్టం నియమాల ప్రకారం జిల్లా నిఘా, పర్యవేక్షణ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కలెక్టరు అధ్యక్షతన కూర్చోవాలి. చార్జిషీటు వేశాక సాధ్యమైనంత వరకు రెండు నెలల్లో విచారణ పూర్తి కావాలని 2016 నుంచి అమల్లో ఉన్న సవరణ చెబుతోంది. ఎన్ని కేసులు ఏ దశలో ఆగాయో, ఎంతమంది బాధితులకు పరిహారం ఇంకా అందలేదో ప్రతి సమావేశం తర్వాతా కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ కాగితాన్ని మేం ఉన్నదున్నట్టుగా మొదటి పేజీలో వేస్తాం.