పీడీఎఫ్ ఊరికే ఇస్తే ఊరుకుంటారా?

పాత్రలు వేసుకుని కథలా ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్ పుస్తకం కొన్నవాళ్లకి దాని పీడీఎఫ్ కూడా ఊరికే ఇవ్వాలని కొందరు ఆటగాళ్లు పట్టుబడుతున్నారు. చనువిస్తే చంకెక్కే రకం. ఇవాళ పీడీఎఫ్ అడిగినవాళ్లు రేపు పుస్తకం చివర పదసూచిక కూడా సరిగ్గా ఉండాలంటారు. అప్పుడు ప్రచురణకర్త గతేం కాను?

అసలు అచ్చు పుస్తకానికి ఏం తక్కువ? గుహ మ్యాప్‌ని రెండు పేజీల మీదుగా వేస్తారు. నడిమి గది సరిగ్గా కుట్టులోకి పోతుంది. డ్రాగన్ ఉండేది ఆ గదిలోనే. మ్యాప్ ఆటగాళ్లకు చూపిద్దామంటే రహస్య ద్వారాలన్నీ దానిమీదే అచ్చయి ఉంటాయి, కాబట్టి ఆట నడిపే గేమ్ మాస్టర్ అరచేయి అడ్డం పెట్టి చూపించాలి. అదే లేయర్లు, అంటే విడివిడిగా ఆపగలిగే పొరలు, పెట్టి చేసిన పీడీఎఫ్ అయితే రహస్య ద్వారాల లేయర్ ఆపేసి, గది అంకెలు తీసేసి, మిగతాది ప్రింట్ తీసుకోవచ్చు. ఇలాగైతే కష్టం తెలియని తరం తయారవుతుంది.

పోనీ పీడీఎఫ్‌నైనా నమ్మొచ్చా? పదసూచిక 195వ పేజీ చూడమంటుంది. ఫైల్లో 195 కొడితే 193 వస్తుంది, ముందున్న అట్టనీ లోపలి పేజీనీ కూడా లెక్కేసింది కనక. తయారుచేసేటప్పుడు పేజీ లేబుళ్లు సరిచేస్తే సరి, ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలూ కొనేవాడు దొంగా కాదా అన్న ఆలోచనకే ఖర్చయిపోయాయి.

ఆ ఆలోచనలోంచి పుట్టిందే పీడీఎఫ్ దించుకునే కోడ్. లోపలి అట్ట మీద అందరికీ ఒకటే కోడ్ అచ్చేస్తే కొట్టులో నిలబడే ఫొటో తీసుకుపోతారు. అందుకని కాపీకో కోడ్, దాని మీద గీకుడు పూత. గోరుతో గీకితే పూతతోపాటు చివరి అక్షరమూ ఊడొస్తుంది. మిగిలినదాంట్లో ఉన్నది సున్నానా, ఇంగ్లిష్ ‘O’ అక్షరమా అన్నది దేవుడికే ఎరుక. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాడికి ఎవరో గీకిన గీతలు మాత్రం పూర్తిగా ఉచితం.

వేరే దారి లేదా అంటే ఉంది, ప్రమాదమంతా అక్కడే. 2010లో మొదలైన ‘బిట్స్ అండ్ మోర్టార్’ పద్ధతిలో పుస్తకం అమ్మిన కొట్టువాడే కొన్నవాళ్ల ఈమెయిల్ అడిగి పీడీఎఫ్ అందేలా చేస్తాడు. గీకుడూ లేదు, గోరూ అరగదు. కేయోసియం అనే గేమ్ ప్రచురణ సంస్థ ఇంకో అడుగు ముందుకేసి, ముందు పీడీఎఫ్ కొన్నవాళ్లకు ఆ డబ్బు అచ్చు పుస్తకం ధరలో తగ్గించింది. వ్యాపారం చేసే పద్ధతేనా ఇది?

బుద్ధిమంతుల తోవ వేరు. 2009 ఏప్రిల్‌లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే ప్రచురణ సంస్థ పైరసీ పేరు చెప్పి తన డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేమ్ పీడీఎఫ్‌ల అమ్మకమే ఆపేసింది. డబ్బిచ్చి కొందామన్నవాళ్లకు తలుపు మూసుకుంది, దొంగ స్కాన్లకు పోటీ తప్పింది. పాత పుస్తకాల పీడీఎఫ్‌ల అమ్మకం మళ్లీ మొదలయ్యేసరికి 2013 వచ్చింది.

పీడీఎఫ్ చేతికొచ్చినా ఆన్‌లైన్ బల్ల మీద అది పాచికలు వేయదు. ఆ బల్లకి (వర్చువల్ టేబుల్‌టాప్) సరిపడే మాడ్యూల్ చాలాసార్లు విడిగా కొనాలి. ఒకే రాక్షసుణ్ని మూడుసార్లు కొంటేగానీ వాడికీ మర్యాద ఉండదు మరి.

ఇక ఎర్రాటా, అంటే అచ్చయ్యాక చేసే తప్పుల దిద్దుబాటు. ఫైల్లో దిద్దుతారు, అచ్చు పేజీ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. పుస్తకంలో మంటల మంత్రం దెబ్బకి 8 పాచికలు, ఫైల్లో 6. చంపేవాడు పుస్తకం చూపిస్తాడు, చచ్చేవాడు ఫోన్ చూపిస్తాడు. ఆట మొదలెట్టేముందే రెండూ పక్కపక్కన పెట్టుకుని, మారినచోటల్లా మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకోండి. పెన్ను మాత్రం వద్దు, వచ్చే నెల మళ్లీ మారుస్తారు.