బోధకులు బయటివాళ్లే అనుకుంటే ఎలా?

రోమాల మతమార్పిడిపై వచ్చిన ఒక వ్యాసానికి ఇది నా జవాబు. యూరప్‌లోని రోమా (జిప్సీ) ప్రజలను బయటి మిషనరీలు రొట్టెలు, దుస్తులు ఆశచూపి మతం మార్చారని వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫ్రాన్స్ విషయంలో ఆ మాట నిలవదు. అక్కడ 1950ల తొలినాళ్లలో రోమాల్లో మొదలైన క్రైస్తవ ఉద్యమానికి అండగా నిలిచిన, ఫ్రాన్సులోని బ్రిటనీ ప్రాంతపు పెంతెకోస్తు పాస్టర్ క్లెమాన్ లె కొసెక్ రోమా కాదు, నిజమే. కానీ ఆయన వాళ్లలోంచే బోధకులను తయారుచేశాడు. బడి ముఖం చూడనివాళ్లు బైబిలు కోసం అక్షరాలు దిద్దుకున్నారు. ఊరూరా తిరిగే జనానికి గుడారమే ప్రార్థనా మందిరమైంది. ఫ్రాన్సులో ఆ బోధ విన్న హితానోలు (స్పెయిన్ రోమాలు) 1960లలో దాన్ని స్పెయిన్‌కు తీసుకువెళ్లారు. అక్కడి ఫిలడెల్ఫియా అనే క్రైస్తవ సంఘంలో పాస్టర్లు ఎక్కువగా వాళ్లే. హెరాయిన్ హితానో వాడలను పీల్చిపిప్పిచేసిన రోజుల్లో యువకులను ఆ వ్యసనం నుంచి బయటికి లాగడానికి ఆ సంఘాలు పడిన పాటు వ్యాసంలో ఎక్కడా లేదు.

అలాగని అంతా మంచే అనను. ఈ సంఘాలవాళ్లు జోస్యం చెప్పడం పాపమన్నారు. చాలామందికి అది కూడు పెట్టిన వృత్తి. కొందరు గాయకులు స్పెయిన్ సంప్రదాయ సంగీతమైన ఫ్లమెంకో కచేరీలు మానేసి ఆరాధన పాటలకే పరిమితమయ్యారు. నాకైతే ఇది పెద్ద నష్టమే.

ఇక పాత చర్చిల సంగతి. నేటి రుమేనియా నేలపై 19వ శతాబ్దం మధ్య వరకూ మఠాలకు కూడా రోమా బానిసలు ఉండేవారు. పోప్ ఫ్రాన్సిస్ 2019లో రుమేనియాలోని బ్లాజ్ పట్టణంలో రోమాలను క్షమాపణ కోరారు. వ్యాసకర్త మిషనరీలపై చూపిన ఆగ్రహంలో కొంత ఇటువైపూ మళ్లించాల్సింది.