ఫంక్ అంటే బేస్ నాబ్ తిప్పడం కాదు మహాప్రభో

నిన్న రాత్రి టీవీలో పాటల పోటీ. ఓ కుర్రాడు మెలోడీ ఎత్తుకున్నాడు. చరణం రాగానే వెనక బీటు ఉరుకందుకుంది, మంద్రస్వరాల బేస్ గిటార్ అబ్బాయి సందు కనిపిస్తే చాలు ఓ స్వరం కుక్కేశాడు. జడ్జిగారు కుర్చీలోంచి లేచి మరీ "ఎంత ఫంకీగా ఉందో!" అని చప్పట్లు. స్పీడు పెంచి, బేసు పెంచి, నల్లకళ్లద్దాలు తగిలిస్తే ఫంక్ అయిపోయిందన్నమాట. ఇంకేం, మన ఊరేగింపు డీజే బండ్లన్నీ ఫంక్ పాఠశాలలే!

అయ్యా, ఫంక్ అంటే అమెరికా నల్లజాతి సంగీతకారులు తెచ్చిన, లయే ప్రాణమైన సంగీతం. దానికి పెద్దదిక్కు గాయకుడు జేమ్స్ బ్రౌన్. ఆయన పాట 'ఫంకీ డ్రమ్మర్' నిమిషానికి సుమారు వంద బీట్లు. అంతే. పెళ్లి బ్యాండు మేళం అంతకంటే జోరుగా పోతుంది.

నాలుగు బీట్లు తీసుకోండి. బీటుకో తకధిమి, మొత్తం పదహారు అక్షరాలు. అందరూ కలిసి దిగేది మొట్టమొదటి 'త' మీద. దాన్నే బ్రౌన్ 'ది వన్' అన్నాడు. మన సమం (తాళంలో మొదటి దెబ్బ) లాంటిది అనుకోండి (సంగీతం మాస్టార్లు కర్ర పట్టుకుని రాకండి, లెక్క తెలియడానికే అన్నాను). అంతకుముందు బరువంతా రెండు, నాలుగు మీద ఉండేది. 1965లో 'పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్' నాటికి అది ఒకటి మీదకి జరిగింది. 1967లో 'కోల్డ్ స్వెట్' వచ్చేసరికి పాట చాలాసేపు ఒకే కార్డు (కలిపి పలికే స్వరాల గుంపు) మీద నిలబడిపోయింది. అందులో డ్రమ్మర్ క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ నాలుగో బీటు మీద పడాల్సిన స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్ము) దెబ్బని అర బీటు ఆగి వేస్తాడు. చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టుంటుంది.

మిగతా అక్షరాల్లో ఏముంటుంది? గోస్ట్ నోట్లు, అంటే వినీ వినపడని దెబ్బలు. కర్ర స్నేర్ మీద అంగుళం ఎత్తు నుంచి ఊరికే రాలాలి. డప్పులో సిర్ర దెబ్బల మధ్య చిటికెన పుల్ల గొణుగుతుందే, ఆ సంగతి. మనవాళ్లు చేసే తప్పేంటంటే, వీటినీ అసలు దెబ్బలంత గట్టిగా బాదుతారు. లేదా మిక్సింగ్‌లో కంప్రెసర్ బిగించి, గుసగుసని కేక స్థాయికి లాక్కొస్తారు. ఆపైన కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనీ లెక్క తప్పకుండా గీత మీదకి నెట్టేస్తారు. ఇంకేం మిగిలింది, కుట్టు మిషను చప్పుడు తప్ప?

గిటార్‌కి నైన్త్ అనే ఒక్క కార్డు చాలు. కుడి చెయ్యి పదహారు అక్షరాలూ ఆగకుండా ఊగుతూనే ఉండాలి. ఎడమ చెయ్యి కావాల్సిన రెండు మూడు చోట్లే తీగని నొక్కి, మిగతా అంతా వదులుగా ఆనించాలి, అప్పుడే ఆ 'చిక చిక'. ఇక బేస్‌లో స్లాప్ (తీగని కొట్టి, లాగి వాయించడం) అంటే బొటనవేలి సర్కస్ కాదు. బేస్ వాద్యకారుడు లారీ గ్రాహం తల్లితో కలిసి వాయించే రోజుల్లో డ్రమ్మర్ లేడు కాబట్టి, బొటనవేలి దెబ్బతో కిక్ డ్రమ్ము (కాలితో మోగించే పెద్దది), వేలితో లాగి స్నేర్ పలికించాడు. అవసరం నేర్పిన విద్య అది. నిన్నటి అబ్బాయి వెనక డ్రమ్మర్ని పెట్టుకుని, అతని కిక్‌తో ఒక్కసారీ కలవలేదు!

న్యూ ఆర్లియన్స్ వీధి ఊరేగింపుల నడకలోంచి మీటర్స్ బృందం తీసిన ఫంక్ వేరు, బేస్ వాద్యకారుడు బూట్సీ కాలిన్స్ బ్రౌన్ దగ్గర్నుంచి పార్లమెంట్-ఫంకడెలిక్ బృందానికి మోసుకెళ్లింది వేరు, నైజీరియాలో గాయకుడు ఫెలా కుటీ తన ఆఫ్రోబీట్ సంగీతంలో కలుపుకున్నది వేరు. బ్రెజిల్‌లోని రియోలో 'ఫంక్' అని పిలిచేది చాలావరకు మయామీ బేస్ అనే వేరే అమెరికా సంగీతానికి సంతానం, దాన్ని తెచ్చి ఇక్కడ అంటించకండి.

సరే, అసలు మంట ఇది కాదు. 1969 నవంబరులో అమెరికాలోని సిన్సినాటిలో స్టబుల్‌ఫీల్డ్ వాయించిన 'ఫంకీ డ్రమ్మర్'లోని 20 సెకన్ల డ్రమ్ముల ముక్కని, ఎనిమిది ఆవర్తాలంతే, వెయ్యికి పైగా పాటలు కత్తిరించుకుని వాడుకున్నాయి. హిప్‌హాప్ సగం ఇల్లు దానిమీదే కట్టుకుంది. ఆయనకి రాయల్టీ సున్నా. పాట హక్కులు బ్రౌన్‌వి, దెబ్బ మాత్రం ఈయనది. విన్‌స్టన్స్ అనే బృందం పాట 'అమెన్, బ్రదర్'లో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ వాయించింది ఆరేడు సెకన్లు. దానిమీద జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే డాన్సు సంగీతాలు పుట్టుకొచ్చాయి. ఆయనేమో 2006లో ఇల్లూ వాకిలీ లేకుండా చనిపోయాడు.

మనమేదో ఉద్ధరించామనుకోకండి. పాత క్యాసెట్ అట్ట తీసి చూడండి. గాయకుడు, గాయని, రచయిత, సంగీత దర్శకుడు. తబలా ఎవరు? బేస్ ఎవరు? ఎవరో 'బృందం'!

నిన్నటి కార్యక్రమం చివర్లో పేర్లు ఆపి ఆపి చూశాను. జడ్జిగారి జుట్టు దువ్వినవాళ్ల పేరుంది. చీర ఇచ్చిన షాపు పేరుంది. డ్రమ్మర్ పేరు లేదు.