మంచంలో దొంగ అర, దానికి కార్డు తాళం

ఈ మధ్య తిరుపతిలో కొత్త ఫ్లాట్లోకి దిగేవాళ్ళకి ఒకటే మోజు. మంచం తలకట్టులోనో డ్రెస్సింగ్ టేబుల్లోనో ఒక దొంగ అర ఉండాల. దానికి కార్డు చూపిస్తే తెరుచుకునే తాళం ఉండాల. గృహప్రవేశానికి పోతే కాఫీ కంటే ముందు అదే చూపిస్తారు. ఊరంతా చూసినాక ఇంకెవురికి తెలీకుండా దాస్తారబ్బా?

అర వద్దనడం లేదు నేను. పాత భోషాణాల్లో, గల్లాపెట్టెల్లో ఉండేవే. నా గొడవంతా ఆ తాళంతోనే. అది నడిచేది పెన్సిల్ సెల్లుల మీద. ఆ సెల్లులుండేది అర లోపల. అవి అయిపోతే? మా ఇంట్లో అదే అయింది. రిజిస్ట్రేషన్ కాగితాలు లోపల, మేము బయట. బిగించినాయనకి ఫోన్ చేస్తే "పలక కోసేయడమే సార్" అన్నాడు తీరిగ్గా. బయట నుంచి కరెంటు అందించే వీలున్న తాళాలు కూడా దొరుకుతాయని ఆ తర్వాత తెలిసింది. ముందే చెప్పుండొచ్చు గదా అంటే, "మీరు అడగలేదే" అంట!

18వ శతాబ్దంలోనే జర్మనీలో రోంట్‌గెన్ తండ్రీకొడుకులు రాజులకు చేసిచ్చిన బల్లల్లో తాళంచెవి తిప్పితే దాక్కున్న సొరుగులు బయటికొచ్చేవి. అంతా స్ప్రింగులూ బరువులే. మనకు అంత హంగామా కూడా అక్కర్లేదు. సొరుగు పూర్తిగా బయటికి లాగి, ఆ ఖాళీలో చెయ్యి పెడితే వెనక ఇంకో పెట్టె తగలాల. పలుచటి వెదురు బద్ద ఒకటి దాన్ని పట్టుకోనుంటుంది. వేలితో బద్దను ఒత్తితే పెట్టె జారి ముందుకొస్తుంది. సెల్లు లేదు, కార్డు లేదు.

కొలత దగ్గరే చాలామంది దొరికిపోతారు. బల్ల లోతు 18 అంగుళాలుండి సొరుగు 12 అంగుళాలే ఉంటే, టేపు లేకపోయినా కన్నే చెప్పేస్తుంది. అంతకంటే అడుగున కాళ్ళ దగ్గరుండే పట్టీ వెనక జాగా మేలు. అక్కడ సొరుగుంటుందని ఎవురూ అనుకోరు. ఇంకోటి, మనకు కార్తీకంలో వానలు దంచుతాయి. 2021 నవంబరు ఎవురూ మర్చిపోయుండరు. ఆ చెమ్మకు కొయ్య అడ్డంగా ఉబ్బుతుంది. సందు వదలకుండా బిగించిన అర వానాకాలమంతా రాదు. కనీసం అడుగు పలకకైనా ప్లైవుడ్ వేయించండి.

ఎర్రచందనంతోనే కావాలనేవాళ్ళు కూడా ఉన్నారు. పర్మిట్ లేని దుంగతో చేయిస్తే అర కాదు, బల్లనే దాచుకోవాల్సొస్తుంది.

బంగారం మాత్రం అందులో పెట్టద్దు. లాకర్లో దొంగతనం జరిగినా బ్యాంకు ఇచ్చేది ఏడాది అద్దెకు 100 రెట్లే గదా అంటారు. 2021లో రిజర్వు బ్యాంకు పెట్టిన రూలు అదే, నిజమే. అద్దె 2,000 అయితే 2 లక్షలు. మంచం తలకట్టు ఎంతిస్తుంది మరి? కాగితాలు పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి చెప్పి పెట్టుకోండి. పెద్దాయన పోయినాక పాత సామాన్లాయనకి బల్లతో పాటు దస్తావేజులు కూడా పోకూడదు.

మాది కోసేసినారు గాబట్టి మళ్ళీ చేయించాల. కొయ్యబొమ్మలు చెక్కే మాధవమాల వైపు గానీ, కాళహస్తిలో గానీ ఈ వెదురు బద్ద పని తెలిసిన ఆచారి ఉంటే చెప్పండి. కూలి ఎంత తీసుకుంటారో కూడా.